"ముందు జాయిన్ అవ్వండి, తర్వాత చూద్దాం"

మెటర్నిటీ లీవ్ అయిపోవస్తోందనగా హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి "కొన్నాళ్లు పార్ట్‌టైమ్ చేయొచ్చా" అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు: "ముందు జాయిన్ అవ్వండి మేడమ్, తర్వాత చూద్దాం." వినడానికి ఒప్పుకున్నట్టే ఉంటుంది. జాయిన్ అయిన రోజే పాత ప్రాజెక్టు, పాత కాల్స్, ఆరు నెలలుగా పేరుకున్న మెయిల్స్ మీద పడతాయి. రెండు వారాలు గడిచేసరికి "మీరు బాగానే మేనేజ్ చేస్తున్నారుగా" అంటారు. ఇక ఆ "తర్వాత" రాదు. బేరానికి బలం ఉండేది ఆఫీసులో అడుగుపెట్టకముందే. అప్పటిదాకా మేనేజర్‌కి ఒక ఖాళీ సీటు కనిపిస్తుంటుంది, అది ఎప్పుడు నిండుతుందా అని ఎదురుచూస్తుంటాడు. సీటు నిండాక ఆ అవసరం తీరిపోతుంది.

చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో తెలియకుండా బేరానికి దిగితే కష్టం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, 12 వారాలున్న జీతంతో కూడిన సెలవును 26 వారాలు చేశారు. ఇది మొదటి ఇద్దరు పిల్లల వరకే. ఆపైన 12 వారాలే. 50 మంది, అంతకుమించి పనిచేసేచోట క్రెష్ (పసిపిల్లలను చూసుకునే గది) ఉండాలి, తల్లి రోజుకు 4 సార్లు అక్కడికి వెళ్లిరావచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా మామూలు విరామాలు కాక పాలివ్వడానికి రోజుకు మరో 2 విరామాలు ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోకి ఇవన్నీ దాదాపు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. వీటిలో ఎక్కడా "పార్ట్‌టైమ్" అన్న మాట లేదు. పని స్వభావాన్నిబట్టి ఇంటి నుంచి చేయగలిగితే, ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద సెలవు తర్వాత యజమాని వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వవచ్చని ఉంది. ఇవ్వాలని లేదు, ఇవ్వవచ్చని ఉంది. అది హక్కు కాదు, అనుమతి.

ఇంతకీ ఆ 26 వారాలు బిడ్డ వయసులో ఎంతవుతాయి? అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. మొదటి కాన్పు పుట్టింట్లో కావాలని, రాకపోకల్లో ఇబ్బంది ఉండకూడదని ముందుగానే సెలవు పెట్టేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. 8 వారాలూ అలా పోతే బిడ్డ పుట్టాక మిగిలేది 18 వారాలు, అంటే నాలుగు నెలల పైన కొద్ది రోజులు. మగపిల్లాడికైతే ఆరో నెలలో, ఆడపిల్లకైతే ఐదో నెలలో అన్నప్రాశన చేస్తారు కదా, అది కూడా కాకముందే తల్లి ఆఫీసులో ఉంటుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేం పట్టొద్దని డాక్టర్లు చెబుతారు. ఆ మాటకీ చట్టం లెక్కకీ మధ్య మిగిలిపోయిన రెండు నెలలనే చాలామంది పార్ట్‌టైమ్‌తో పూడ్చుకోవాలని చూస్తారు.

యజమాని వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి ఉంది. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) పరిధిలో ఉన్నవాళ్లకు, అంటే నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు, ప్రసూతి సెలవు డబ్బు ఈఎస్‌ఐ నుంచి వస్తుంది. అంతకుమించి జీతం ఉన్నవాళ్లకు 26 వారాల జీతమూ కంపెనీ తన జేబులోంచే ఇవ్వాలి, ప్రభుత్వం పైసా పంచుకోదు. "ఆరు నెలలు కూర్చోబెట్టి జీతమిచ్చాం, ఇప్పుడు మళ్లీ సగం పనా?" అని మనసులో అనుకునే యాజమాన్యాలు ఉంటాయి. పైకి అనరు. ఆ సెలవు దయ కాదు, చట్టం. అయినా బేరానికి కూర్చున్నప్పుడు అవతలివాళ్ల బుర్రలో ఈ లెక్క నడుస్తుంటుందని తెలిసి ఉండాలి.

ఇక అసలు పొరపాటు ఎక్కడ జరుగుతుందో చూద్దాం. పార్ట్‌టైమ్ అడిగేవాళ్లలో ఎక్కువమంది గంటలు అడుగుతారు. "ఎనిమిది గంటల బదులు ఐదు గంటలు చేస్తాను" అంటారు. కంపెనీ సరేనంటుంది, జీతం ఆ మేరకు కోస్తుంది, పని మాత్రం ఒక్క మెతుకు కూడా తగ్గదు. మూడింటికి లాగ్ ఆఫ్ అయిన మనిషి రాత్రి బిడ్డ పడుకున్నాక పదింటికి మళ్లీ లాప్‌టాప్ తెరుస్తుంది. నెల తిరిగేసరికి చేసేది ఫుల్‌టైమ్, తీసుకునేది అరజీతం. ఇందులో ఎవరూ కావాలని మోసం చేసి ఉండరు. ఏ పని తీసేస్తున్నారో ఎవరూ మాట్లాడలేదు, అంతే. కాబట్టి ముందు మాట్లాడాల్సింది పనుల జాబితా గురించి. చేతిలో ఉన్న పనులు ఏవి, వాటిలో ఏవి ఉంచుకోవాలి, ఏవి ఎవరికి వెళ్లాలి అన్నది తేలితే గంటలు వాటంతటవే తేలతాయి.

ఐటీ సర్వీసెస్ కంపెనీల్లో ఇది మరీ ముఖ్యం. అక్కడ మేనేజర్ చేతిలో ఉండేది ఎక్సెల్ షీటు: ఎవరు ఏ క్లయింట్ మీద ఎంత శాతం అలొకేషన్‌లో ఉన్నారు, ఎంత బిల్ అవుతోంది. ఫుల్‌టైమ్ మనిషికి డబ్బు కడుతున్న క్లయింట్ దగ్గరికి వెళ్లి "ఈమె మూడు రోజులే ఉంటుంది" అని చెప్పడం మేనేజర్‌కి టెన్షనే. "పాలసీలో లేదు" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ ఇబ్బందే. అందుకని క్లయింట్‌కి నేరుగా బిల్ కాని పని, లేదా 50 శాతం అలొకేషన్‌తో సరిపోయే పని తానే వెతికి పట్టుకెళ్లిన మనిషికి దారి సులువవుతుంది. ట్రైనింగ్ మెటీరియల్, డాక్యుమెంటేషన్, ఆటోమేషన్ టెస్టులు, కొత్తవాళ్ల ఇంటర్వ్యూలు ఇలాంటివే. అయితే వీటికో ఇబ్బంది ఉంది. ఇవి అప్రైజల్‌లో పెద్దగా లెక్కకు రావు. కొన్ని నెలలకైతే ఫర్వాలేదు, ఏడాదంతా ఇవే చేస్తే రేటింగ్ మీద దెబ్బ పడుతుంది.

గంటల సంగతికే వస్తే, రోజూ సగం పూటా, వారానికి మూడు నిండు రోజులా? బిడ్డను రోజూ ఎక్కువసేపు చూసుకోవచ్చని సగం పూటే మేలనిపిస్తుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు, ఆఫీసు పక్క వీధిలో ఉన్నవాళ్లకు అది నిజమే. హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలి వెళ్లే మనిషికి మాత్రం లెక్క వేరు. రద్దీ వేళలో ఒకవైపే గంటన్నర పట్టే రోజులు మామూలే. ఐదు రోజులు సగం పూట వెళితే 20 గంటల పనికి 15 గంటల ప్రయాణం. మూడు నిండు రోజులు వెళితే 24 గంటల పనికి 9 గంటల ప్రయాణం. పైగా డేకేర్ సెంటర్లు చాలావరకు నెల ఫీజే తీసుకుంటాయి, సగం పూటకి సగం ఫీజు అనరు. అయితే నాలుగైదు నెలల పసిబిడ్డకు పాలిచ్చే తల్లి రోజంతా బయట ఉంటే ఆ మూడు రోజులూ పాలు పిండి నిల్వ చేసుకోవాలి. ఆఫీసులో అందుకు తలుపేసుకునే గది ఉందా, ఫ్రిజ్ ఉందా అన్నది జీతం కన్నా ముందు అడగాలి. ఆ గది లేక బాత్‌రూమ్‌లో నిలబడి పాలు పిండుకున్న తల్లులను అడిగితే ఈ మాట ఎందుకో తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బు. చేతికి వచ్చే జీతం తగ్గుతుందని అందరికీ తెలుసు, ఆ తరుగు ఇంకెక్కడెక్కడ తగులుతుందో చూసుకునేవాళ్లు తక్కువ. నెల జీతం 80,000, అందులో బేసిక్ 40,000 అనుకుందాం. మూడు రోజుల పనికి 60 శాతం జీతమంటే 48,000, బేసిక్ 24,000. బేసిక్ మీద 12 శాతం పీఎఫ్ కడుతున్న కంపెనీ అయితే అటు ఉద్యోగి వాటా, ఇటు కంపెనీ వాటా 4,800 నుంచి 2,880కి పడతాయి. అంటే పీఎఫ్‌లోకి వెళ్లే మొత్తంలో నెలకు 3,840 తరుగు. ఇది కనిపించే నష్టం.

ఉద్యోగం మానేసేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీలో నష్టం కనిపించదు. గ్రాట్యుటీని ఆఖరి జీతం మీద కడతారు: ఆఖరి నెల బేసిక్‌ను 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. పై ఉద్యోగికి ఎనిమిదేళ్ల సర్వీసు ఉందనుకుందాం. పూర్తి జీతంలో ఉండగా మానేస్తే సుమారు 1,84,600 వస్తుంది. పార్ట్‌టైమ్‌లో ఉండగా మానేస్తే సుమారు 1,10,800. ఎనిమిదేళ్లలో ఏడేళ్లు ఫుల్‌టైమ్ చేసి ఉన్నా సరే, లెక్కకు వచ్చేది ఆఖరి జీతమే. ఒక్క ఏడాది పార్ట్‌టైమ్ వెనకటి ఏడేళ్ల నుంచి కూడా కోత కోస్తుంది. పైగా గ్రాట్యుటీ నిబంధనల్లో ఏడాదికి ఇన్ని రోజులు పనిచేయాలన్న లెక్క ఒకటుంది: మామూలుగా 240 రోజులు, వారానికి ఆరు రోజుల కన్నా తక్కువ నడిచే సంస్థల్లో 190. వారానికి మూడు రోజులంటే ఏడాదికి 156 రోజులే. గ్రాట్యుటీకి కావాల్సిన ఐదేళ్ల సర్వీసుకు అటూ ఇటూగా ఉన్న మనిషికి ఇది పెద్ద తగాదాగా మారొచ్చు. "పనిదినాలు తగ్గినా సర్వీసు నిరంతరంగా కొనసాగినట్టే లెక్క" అన్న వాక్యం లెటర్‌లో ఉంటే ఆ గొడవ మొదట్లోనే తెగిపోతుంది.

రెండో కాన్పు ఆలోచన ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ప్రసూతి సెలవు జీతాన్ని సెలవుకు ముందు మూడు నెలల్లో పనిచేసిన రోజుల సగటు దినవేతనం మీద కడతారు. పనిచేసిన రోజులు అన్న మాట గమనించండి. వారానికి మూడు నిండు రోజులు చేసే మనిషికి చేసిన రోజుకు వచ్చే వేతనం తగ్గదు. రోజూ సగం పూట చేసే మనిషికి సగమవుతుంది. చట్టంలోని మాటల ప్రకారం తేడా అంత ఉంది, హెచ్‌ఆర్ మాత్రం దీన్ని ఎలా కడుతుందో ముందే మెయిల్‌లో అడిగి ఉంచుకోవడం మంచిది. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా ఇలాంటిదే. కొన్నిచోట్ల ఫుల్‌టైమ్ ఉద్యోగులకే వర్తించేలా రాసి ఉంటుంది. పసిబిడ్డ, అత్తమామలు ఆ పాలసీలో ఉన్నప్పుడు ఇది ఆషామాషీ విషయం కాదు.

ఇన్ని చిక్కులున్నాయి కాబట్టి జీతం, హోదా ఏమీ కదపకుండా పని తగ్గించుకునే దారి ముందు వెతకాలి. ఎర్న్‌డ్ లీవ్ (ఈఎల్) ఉన్నవాళ్లకు ఆ దారి చేతిలోనే ఉంది. సెలవులన్నీ గంపగుత్తగా మెటర్నిటీ లీవ్‌కి తగిలించి ఇంకో నెల ఇంట్లో ఉండటం మామూలుగా చేసే పని. అలా కాకుండా 26 ఈఎల్‌లు ఉంటే వారానికి రెండు చొప్పున 13 వారాలు వాడుకోవచ్చు. మూడు నెలల పాటు వారానికి మూడు రోజుల పని, పూర్తి జీతం, పీఎఫ్‌లో కోత లేదు, గ్రాట్యుటీలో మచ్చ లేదు. కాంట్రాక్టు మార్చే పనే లేదు. మేనేజర్‌కి కూడా ఇది పాలసీ మార్పు కాదు, లీవ్ అప్రూవల్ మాత్రమే. పాలిచ్చే విరామాలు రెండింటినీ కలిపి సాయంత్రం ముందే వెళ్లేలా మాట్లాడుకుంటే ఇంకాస్త వెసులుబాటు. ఇంటి పక్కనే డేకేర్ ఉన్న తల్లికి మధ్యాహ్నం రెండు పావుగంటల కన్నా సాయంత్రం ఒక అరగంట ఎక్కువ పనికొస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో ఒక దారి ఉంది, హెచ్‌ఆర్ నుంచే వస్తుంది: "పార్ట్‌టైమ్ పాలసీ లేదు కానీ మిమ్మల్ని కన్సల్టెంట్‌గా తీసుకోగలం." గంటకు ఇంత అని చూపిస్తే లెక్క బాగానే ఉంటుంది, చేతికి ఎక్కువే వస్తుందనిపిస్తుంది. అది రాజీనామా చేసి కొత్తగా చేరడం. పీఎఫ్ ఆగుతుంది, గ్రాట్యుటీ సర్వీసు తెగుతుంది, ఇన్సూరెన్స్ పోతుంది, రెండో కాన్పుకు సెలవు జీతం ఉండదు, నెల నోటీసుతో పంపేయొచ్చు. బయట వేరే పనులు కూడా చేసుకుందామనుకునే అనుభవజ్ఞులకు ఇది నప్పొచ్చు. ఆరు నెలల వెసులుబాటు కోసం అడిగిన మనిషికి ఇది బేరం కాదు, తలుపు చూపించడం.

ఇదంతా ఫోన్లో మాట్లాడి వదిలేస్తే నీటి మీద రాతే. మాట ఇచ్చిన మేనేజర్ మూడు నెలల్లో వేరే టీమ్‌కి వెళతాడు, కొత్తగా వచ్చినవాడు "నాకెవరూ చెప్పలేదు" అంటాడు. తిరిగి చేరాల్సిన తేదీకి ఆరు వారాల ముందు పంపే మెయిల్ దాదాపు ఇలా ఉండొచ్చు:

"ఫలానా తేదీన డ్యూటీలో చేరుతున్నాను. మొదటి 13 వారాలు సోమ, మంగళ, గురువారాలు పనిచేస్తాను. బుధ, శుక్రవారాలకు నా ఖాతాలో ఉన్న ఈఎల్ వాడుకుంటాను. నేను చూస్తున్న నాలుగు పనుల్లో రిలీజ్ టెస్టింగ్, నెలవారీ రిపోర్టులు నా దగ్గరే ఉంచండి. ప్రొడక్షన్ సపోర్ట్, రాత్రి తొమ్మిది తర్వాత క్లయింట్ కాల్స్ టీమ్‌లో వేరేవారికి ఇవ్వగలరు. సెలవుకు ముందు వీటికి రాసి పెట్టిన హ్యాండోవర్ నోట్ జతచేస్తున్నాను. ఆరో వారంలో ఒకసారి కూర్చుని ఎలా నడుస్తోందో చూద్దాం. పద్నాలుగో వారం నుంచి యథాప్రకారం ఐదు రోజులు."

ఇందులో బిడ్డ గురించి ఒక్క మాట లేదు. బిడ్డకు ఒంట్లో బాగుండదనో, అత్తగారు ఊళ్లో లేరనో రాస్తే అది కష్టం చెప్పుకోవడమవుతుంది. అవతలి మనిషి జాలిపడతాడు, ఆ జాలి నాలుగు వారాలుంటుంది. పనిని ఎలా నడిపిస్తామో రాస్తే అవతలి మనిషి చేయాల్సింది సరే అనడమో, ఏ ముక్క కుదరదో చెప్పడమో. "మీకిస్తే రేపు అందరూ అడుగుతారు" అన్న భయానికి కూడా గడువు తేదీయే మందు. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో రాసి ఉన్నది ఎవరికీ ఉదాహరణగా మారిపోదు.

కుదరదనే అన్నారనుకుందాం. పార్ట్‌టైమ్ ఇవ్వకపోవడం చట్ట ఉల్లంఘన కాదు. ప్రసూతి సెలవులో ఉండగా ఉద్యోగం తీసేయడం, ఆ సెలవులోనే గడువు తీరేలా తొలగింపు నోటీసు ఇవ్వడం, ఆమెకు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చడం మాత్రం ఉల్లంఘనే. సెలవు నుంచి వచ్చేసరికి టీమ్ లీడ్ హోదా ఊడిపోయి ఉంటే దాన్ని పార్ట్‌టైమ్ బేరంతో కలపకూడదు. "మూడు రోజులు ఇస్తున్నాం కదా, లీడ్ పని ఇంకొకరు చూస్తారు" అని రెండింటినీ ఒకే గాటన కట్టడం బాగా నడిచే ఎత్తు.

ఇంట్లో బేరం ఇంకొకటి. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటుందంటే ఆ రెండు రోజులూ గ్యాస్ బుకింగ్ నుంచి టీకాల దాకా, వచ్చిపోయే చుట్టాల దాకా ఆమె మీదే పడతాయి. "ఇంట్లోనే ఉంటావుగా అమ్మా" అన్న మాట హెచ్‌ఆర్ మాట కన్నా మెత్తగా ఉంటుంది, బరువు మాత్రం తక్కువేం కాదు. ఆ రోజుల్లో పనిమనిషిని మాన్పించేద్దామన్న సలహా కూడా వస్తుంది. అసలు ఆ రెండు రోజుల్లో ఒకటి భర్త ఎందుకు పెట్టుకోకూడదని అడిగే ఇల్లు అరుదు. ప్రైవేటు రంగంలో తండ్రికి సెలవిచ్చే చట్టం లేకపోవడం అందుకు ఒక సాకు.

ఈ మాటలన్నీ బేరమాడే వీలున్న ఉద్యోగాల గురించి. కార్పొరేట్ ఆసుపత్రి నర్సుకు రోజులు తగ్గవు, ఆమె అడగగలిగింది కొన్నాళ్లు నైట్ డ్యూటీ వద్దనే. ప్రైవేటు స్కూల్ టీచర్‌కి సెక్షన్లు తగ్గించమనడమే దారి, అదీ జూన్‌లో టైమ్‌టేబుల్ వేసే ముందు. ప్రభుత్వ ఉద్యోగికి చైల్డ్ కేర్ లీవ్ ఉంది: కేంద్రంలో సర్వీసు మొత్తానికి 730 రోజులు, ఆంధ్రప్రదేశ్‌లో 180, తెలంగాణలో 90. దాన్ని విడతలుగా వాడుకుంటారు. బట్టల షాపులో నిలబడి అమ్మే అమ్మాయికి ఇవేవీ లేవు. కాన్పుతో మానేస్తుంది, తర్వాత ఇంకో షాపులో కొత్తగా చేరుతుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు వీసా అడ్డం వస్తుంది. అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద పార్ట్‌టైమ్ చేయవచ్చు, కానీ ఫుల్‌టైమ్ నుంచి మారితే కంపెనీ సవరించిన పిటిషన్ వేయాలి. ఊరికే మేనేజర్‌తో మాట్లాడుకుని గంటలు తగ్గించుకుంటే వీసా హోదాకే ముప్పు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే పనివేళల మార్పు అడిగే హక్కు ఉంది, యజమాని రెండు నెలల్లో జవాబివ్వాలి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లకు మాత్రం గంటలు తగ్గి జీతం వీసా పరిమితి కిందికి పడకూడదు.

జర్మనీలో 15 మందికి మించి ఉన్న సంస్థల్లో పనిగంటలు తగ్గించుకునే హక్కు 2001లోనే వచ్చింది. తగ్గించుకున్నవాళ్లు చాలామంది, అందులో ఎక్కువగా తల్లులు, మళ్లీ ఫుల్‌టైమ్‌కి రాలేక ఆ సగం ఉద్యోగంలోనే ఉండిపోయారు. దీనికి అక్కడివాళ్లు పార్ట్‌టైమ్ బోను అని పేరే పెట్టుకున్నారు. ఏడాది నుంచి ఐదేళ్ల దాకా గంటలు తగ్గించుకుని, గడువు తీరగానే పాత గంటలకు తిరిగొచ్చే హక్కు కోసం 2019లో ఇంకో నిబంధన తెచ్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర వెళ్లడానికీ హక్కు లేదు, తిరిగి రావడానికీ లేదు. అందుకే ఆ మెయిల్లో "పద్నాలుగో వారం నుంచి యథాప్రకారం ఐదు రోజులు" అన్న ఆఖరి వాక్యాన్ని హెచ్‌ఆర్ తన జవాబులో కూడా రాసేదాకా జాయినింగ్ తేదీ ఖాయం చేయకపోవడం మంచిది.